గాలి లేని చోట ఎగురుట

చంద్రునిపై మానవుడు అడుగు పెట్టి అర్ధశతాబ్ది దాటినది. 1969 జులై మొదలు 1972 డిసెంబరు వరకు పండ్రెండుగురు వ్యోమగాములు అచటి నేలపై నడచిరి. వారిలో ఆరుగురు బండియెక్కి కూడ తిరిగిరి. కాని చంద్రతలమున ఒక చోట లేచి, ఎగిరి, మరియొక చోట దిగునట్టి వాహనమును ఇంతవరకు ఏ మానవుడును నడపియుండలేదు. దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరము దాటి చంద్రుని చేరగలిగినవారికి, చేరిన పిమ్మట పది కిలోమీటర్లు ఎగురుట కష్టమెట్లయినది? ఈ సందేహము మా శ్రోతలకు కలుగుట సహజము. దానికి సమాధానమును ఈ ప్రసంగమున విచారింతము.

ముందుగా, భూమిపై ఎగురుట యన నేమో చూతము. పక్షి ఎగిరినను, సంక్రాంతినాడు పిల్లలు గాలిపటమును ఎగురవేసినను, విమానము లేచినను మూలసూత్ర మొక్కటియే. రెక్క గాలిని క్రిందికి నెట్టును. గాలి రెక్కను పైకి నెట్టును. హెలికాప్టరు పంకా చేయు పనియు నిదియే. రెక్క నిలిచియుండి వాహనము కదలినచో అది విమానము. వాహనము నిలిచియుండి రెక్కయే తిరిగినచో అది హెలికాప్టరు. రెంటికిని ఆధారము గాలియే.

చంద్రునిపై గాలి లేదు. అచట నున్న వాయుకణములు శూన్యమని చెప్పదగినంత స్వల్పములు. ఆ స్వల్పముతో సరిపెట్టుకొనరాదా యని కొందరు అడుగవచ్చును. అంగారకునిపై అట్టి ప్రయత్నమొకటి సఫలమైన మాట నిజమే. అచటి గాలి సాంద్రత మన గాలిలో సుమారు నూరవ వంతు మాత్రమే. అయినను 2021 ఏప్రిల్ 19న ఇన్‌జెన్యుటీ యను చిన్న హెలికాప్టరు అచట లేచినది. దాని బరువు మన తూనికలో 1.8 కిలోలు. దాని పంకాల నిడివి 1.2 మీటర్లు. అంత పలుచని గాలిలో లేచుటకై ఆ పంకాలు నిమిషమునకు దాదాపు 2,400 చుట్లు తిరుగవలసివచ్చినది. 2024 జనవరి 18 వరకు అది 72 మారులు ఎగిరినది. నూరవ వంతు గాలితో ఎగురుట యంత కష్టముగా సాధ్యమైనది. చంద్రునిపై ఆ నూరవ వంతును లేదు. పంకా యెంత వేగముగా తిరిగినను నెట్టుటకు అచట నేమియు లేదు గనుక వాహనము నేలను విడువదు. బెలూనును పైకి తేల్చుటకును గాలి కావలయును గనుక అదియు పనికిరాదు.

ఇక మిగిలినది రాకెట్టు. దీపావళినాడు ఆకసమునకు పోవు తారాజువ్వ వెనుకనున్న గాలిని తన్నుకొని లేచునని పలువురు తలంతురు. అది పొరపాటు. తారాజువ్వ తన కడుపులోని మందును మండించి, పుట్టిన వాయువును వేగముగా క్రిందికి విసరును. ఆ విసరుటచేతనే తాను పైకి పోవును. పడవలో నిలిచి బరువైన రాతిని వెనుకకు విసరినచో పడవ ముందుకు కదలునట్లే యిదియు. రాకెట్టునకు గాలితో పని లేదు. మందును మండించుటకు వలసిన ఆక్సిజనును కూడ అది తనవెంటనే తీసికొనిపోవును.

ఇందులోనే చిక్కున్నది. విమానము గాలికి రెండు విధముల ఋణపడియున్నది. బరువును మోయునది గాలి. ఇంధనమును మండించునదియు గాలియే. చంద్రునిపై ఆ రెండు అప్పులును పుట్టవు. సర్వమును మూట గట్టుకొని పోవలయును. చంద్రుడు మనకు చేయు మేలు ఒక్కటి మాత్రము గలదు: అచటి ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరవ వంతు. ఇచట 60 కిలోలు తూగు మనుష్యుడు అచట 10 కిలోల వలె తోచును. ఈ మేలును నమ్ముకొనియే యంత్రశిల్పులు తమ లెక్కలు ప్రారంభింతురు.

ఆ లెక్క నొకసారి మనమును వేసి చూతము. చంద్రునిపై వదలిన వస్తువు ప్రతి సెకండునకు 1.62 మీటర్ల వేగమును పుంజుకొనుచు పడును. కావున నేలకు కొంత యెత్తున నిశ్చలముగా నిలువదలచిన వాహనము సెకండుసెకండునకును అంత పతనవేగమును రద్దు చేసికొనుచుండవలెను. మంచి రాకెట్టు ఇంజను వాయువును సెకండునకు 3 కిలోమీటర్ల వేగముతో విసరుననుకొందము. అట్టి ఇంజనుతో ఒక్క నిమిషము గాలిలో, కాదు, శూన్యములో నిలిచినందులకు వాహనము మొత్తము ద్రవ్యరాశిలో నూటికి 3 వంతులకు పైగా ఇంధనము ఖర్చగును. పది నిమిషములు నిలిచినచో నూటికి 28 వంతులు తరుగును. వేయి కిలోల వాహనములో 280 కిలోలు పోయినను వాహనము మాత్రము ఉన్నచోటనే యుండును. ఏటికి ఎదురీదుచు ఒడ్డున నొక చెట్టునకు సరిగా నిలిచియుండు ఈతగాని శ్రమవంటిది యీ ఖర్చు. శ్రమ మిక్కుటము, ప్రయాణము శూన్యము.

కాబట్టి చంద్రునిపై హెలికాప్టరు వలె మెల్లగా పోవుట దుబారా. అచట తగినది గెంతు. ఒక్కసారి ఇంజనును బలముగా మండించి, దానిని ఆర్పి, విసరిన రాయివలె వాహనమును పోనిచ్చి, దిగునపుడు మరల ఇంజనును మండించి వేగము నణచుకొనవలెను. పది కిలోమీటర్ల గెంతునకు సెకండునకు 127 మీటర్ల వేగము చాలును. వాహనము రెండున్నర కిలోమీటర్ల యెత్తునకు పోయి, రెండు నిమిషములలోపుననే అవతల దిగును. అయితే లేచుటకు ఎంత వేగము కావలయునో, దిగునపుడు అంత వేగమును పోగొట్టుకొనవలెను. వాహనమును ఆపుటకు అచట గాలి లేదు గదా. ఈ రెంటికిని కలిపి ద్రవ్యరాశిలో నూటికి 8 వంతుల ఇంధనము పట్టును. పోయిరావలెనన్నచో 16 వంతులు. పైన చెప్పిన ఒక్క నిమిషపు నిలుకడకు పోయిన ఇంధనముతో ఒకటిన్నర కిలోమీటర్లు గెంతి దిగవచ్చునన్నచో తారతమ్యము తెలియగలదు.

హనుమంతుడు సముద్రమును దాటిన వృత్తాంతమును మన పెద్దలు సముద్రలంఘనమనిరి. లంఘనమనగా గెంతు. చంద్రునిపై మనము ఆశింపదగిన ప్రయాణమునకు ఆ మాటయే తగియున్నది.

దూరము పెరిగినకొలది లెక్క బరువెక్కును. నూరు కిలోమీటర్లు గెంతుటకు సెకండునకు దాదాపు 400 మీటర్ల వేగము కావలెను. పోయివచ్చుటకు వాహనములో నూటికి 40 వంతులకు పైగా ఇంధనమే నిండవలసియుండును. ఇంధనమును మోయుటకు మరికొంత ఇంధనము, దానిని మోయుటకు ఇంకను కొంత. రష్యా దేశమున కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన సూత్రమీ కఠినసత్యమును తెలుపుచున్నది. ఆ సూత్రమునుండి యే యంత్రశిల్పియు తప్పించుకొనజాలడు.

లెక్క ఇట్లు కుదిరినను భయము తీరలేదు. గెంతు చివర ఇంజను తప్పక మండవలెను. భూమిపై విమానము ఇంజను ఆగినను రెక్కలపై జారుచు కొంత దూరము పోగలదు. హెలికాప్టరు పంకా ఇంజను లేకున్నను గాలిపాటున తిరిగి పతనము నణచును. మరియు పారాచూటు కలదు. చంద్రునిపై నీ మూడును లేవు. పది కిలోమీటర్ల గెంతులో తుదకు ఇంజను మండనిచో వాహనము గంటకు 450 కిలోమీటర్లకు పైబడిన వేగముతో నేలను తాకును. కేవలము నూరు మీటర్ల ఎత్తునుండి పడినను వేగము గంటకు 65 కిలోమీటర్లు. ఆకర్షణ తక్కువ గనుక పడినను దెబ్బ తగులదనుట తగదు. అచట పడుట ఆలస్యమగును గాని పతనము తప్పదు.

ఈ కారణముచేత ఇంజనులో భాగములెంత తక్కువైన నంత మేలని శిల్పులు నిర్ణయించిరి. అపోలో యాత్రలలో చంద్రునిపై దిగిన నౌకకు వాడిన ఇంధనద్రవ్యములు రెండు: హైడ్రజీను జాతికి చెందిన ద్రవమొకటి, నైట్రోజను టెట్రాక్సైడు మరియొకటి. ఈ రెండును కలిసిన తక్షణమే తమంతట మండును. నిప్పురవ్వ అక్కరలేదు. హీలియము వాయువు ఒత్తిడియే వానిని నెట్టును గనుక పంపులును అక్కరలేదు. కవాటము తెరచిన చాలును. కాని ఈ సౌకర్యమునకు మూల్యమున్నది. రెండును విషద్రవ్యములు. హైడ్రజీను సుమారు 2 డిగ్రీలకే గడ్డకట్టును. టెట్రాక్సైడు సున్నకు దిగువ 11 డిగ్రీలకు గడ్డకట్టును. చంద్రునిపై రాత్రి మన లెక్కలో రెండు వారములు సాగును. అప్పటి చలి సున్నకు దిగువ 130 డిగ్రీలను మించిపోవును. రెండు వారముల పగటిలో వేడి 120 డిగ్రీల వరకు పోవును. ఆ వేడిని తీసికొనిపోవుటకు గాలి లేదు. కావున వాహనము రాత్రియంతయు కంబళిలో పడుకొని, పగలంతయు నీడను వెదకుకొనవలసినట్టి స్థితి.

ఇక సమతూకము. బాణమునకు ఈకలెట్లో విమానమునకు తోక యట్లు. విమానము కొంచెము ప్రక్కకు తిరిగినచో గాలియే దానిని సరిదిద్దును. శూన్యములో సరిదిద్దువారు లేరు. ఒకవైపు వంగిన వాహనము ఎదురునెట్టు పడువరకు వంగుచునే యుండును. ఇంధనము తరిగినకొలది వాహనపు భారకేంద్రము మారును. తొట్టెలోని ద్రవము బిందెలో నీటివలె తొణకును. ఒంటరి మనుష్యుడు ఎక్కు చిన్న వాహనమైనచో అతడు చేయి చాచినను అది కదలును. అందుచేత నాలుగు ప్రక్కలను చిన్న రాకెట్టుల నమర్చి, క్షణక్షణమును దిద్దుకొనుచుండవలెను.

ఇంకొక విచిత్రము గలదు. చంద్రునిపై వస్తువు బరువు ఆరవ వంతగును గాని దాని జడత్వము ఏమాత్రమును తగ్గదు. భూమిపై నిలిచి యెగురు వాహనము వేగము నణచుకొనుటకు 5 డిగ్రీలు వెనుకకు వాలవలసిన చోట, చంద్రునిపై అంత ఫలమునకు 28 డిగ్రీలు వాలవలెను. ఇంజను మోయు బరువు తక్కువ గనుక దాని ప్రక్కనెట్టును తక్కువగుటయే యిందులకు కారణము. కనుక ముందుకు పోవుచున్న వాహనమును నిలుపుట ఆలస్యము. భూమిపై పండిన వైమానికుని చేతికి ఈ అలవాటు లేదు. దానిని క్రొత్తగా నేర్వవలెను.

దీనిని భూమిపై నేర్పుట యెట్లు? అమెరికాలో బెల్ కంపెనీవారు ఇందులకై ఒక వింత యంత్రమును నిర్మించిరి. చూచుటకు అది గొట్టములతో అల్లిన మంచము వలె నుండెడిది. దాని నడుమ నిలువుగా నొక జెట్ ఇంజనును నిలిపిరి. ఆ ఇంజను వాహనపు బరువులో ఆరింట అయిదు వంతులను మోయును. మిగిలిన ఒక వంతే, అనగా చంద్రునిపై నుండు బరువే, రాకెట్టులకు వదలబడును. 1964 అక్టోబరు 30న జో వాకర్ దానిని మొదటిసారి ఎగిరించెను. యాత్రికుల శిక్షణ దానిపైననే జరిగినది. శిక్షణ మాత్రము ప్రాణములతో చెలగాటము. 1968 మే 6న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని నడుపుచుండగా యంత్రము అదుపు తప్పినది. ఆయన ఆసనముతో సహా బయటకు ఎగిరి పారాచూటుతో దిగెను. యంత్రము నేలకూలి మండిపోయినది. అట్టి యంత్రము లైదు నిర్మింపబడగా మూడు కూలిపోయినవి. నడిపినవారు ముగ్గురును ప్రాణములతో బయటపడిరి. ఆ ముగ్గురిని కాపాడినది భూమిపైనున్న గాలి, ఆ గాలిలో విచ్చుకొనిన పారాచూటు అని మనము గమనింపవలెను.

ఆ శిక్షణ వ్యర్థము కాలేదు. 1969 జులై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రునిపై దిగుచుండగా నౌక తనంతట పోవుచున్న తావున పెద్ద బిలమును, దాని చుట్టును బండరాళ్లును కనుపించినవి. ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను తన చేతిలోనికి తీసికొని, ఆ బిలమును దాటించి, చదునైన చోట దింపెను. అప్పటికి నిలిచి యెగురుటకు మిగిలిన ఇంధనము ఒక నిమిషమునకును చాలదు. చంద్రునిపై మానవుడు ఎగిరెనని చెప్పవలసివచ్చినచో ఆ కొలది క్షణములనే చెప్పవలెను.

అంతకుముందే మనుష్యుడు లేని యంత్రమొకటి అచట గెంతినది. 1967 నవంబరు 17న సర్వేయర్-6 తన చిన్న ఇంజనులను రెండున్నర సెకండ్లు మండించి, 3 మీటర్లకు పైగా లేచి, రెండు మీటర్లకు పైగా దూరమున దిగినది. చంద్రునిపై మొదటి లంఘనమదియే. ఇంజను మంట క్రింది నేల నేమి చేసెనో అది తన కెమెరాతోనే చూపినది.

మనుష్యుని మోయు వాహనమును గూర్చియు ఆ కాలముననే ఆలోచన సాగినది. 1961 ఏప్రిల్ 20న హెరాల్డ్ గ్రాహం వీపునకు కట్టుకొనిన రాకెట్టు సంచితో మొదటిసారి స్వేచ్ఛగా ఎగిరెను. ఆ సంచిలోని ఇంధనము 21 సెకండ్లకే సరిపోవును. ఆకర్షణ ఆరవ వంతైన చోట అట్టి సాధనము మరింత సేపు పనిచేయునను ఆశతో 1969 నాటికి ఒక్క మనుష్యుడు ఎక్కి పోదగిన చాంద్రవాహనములకు నమూనాలు తయారైనవి. కాని తుదకు నాసావారు ఎన్నుకొనినది చక్రముల బండినే.

ఈ నిర్ణయము వెనుకనున్న కారణము ఆలోచింపదగినది. ఆ బండి భూమిపై 210 కిలోలు తూగును, బ్యాటరీలతో నడచును. 1971లో అపోలో-15 యాత్రికులు, 1972లో అపోలో-16, అపోలో-17 యాత్రికులు దానిని వాడిరి. అపోలో-17 యాత్రలో యూజీన్ సెర్నన్, హారిసన్ ష్మిట్ మొత్తము 36 కిలోమీటర్ల మేర తిరిగిరి, నౌకకు 7.6 కిలోమీటర్ల దూరము వరకు పోయిరి. అంతకంటె దూరము పోవుటకు బండికి శక్తి లేకకాదు. నియమము వేరుగా నుండెను. బండి చెడినచో మిగిలిన ప్రాణవాయువుతో యాత్రికులు కాలినడకన నౌకను చేరగలుగవలెను. ఆ కాలినడక దూరమే బండికి హద్దు. చెడిన బండి నిలిచిపోవును, మనుష్యుడు నడచివచ్చును. చెడిన యెగురు వాహనము నిలువదు. నిలిచినను, ముప్పది కిలోమీటర్ల దూరమున దిగి, మరల మండని ఇంజను ప్రక్కన నిలుచుండు మనుష్యునికి సాయము పోగలవారెవరు? అది వేగముకంటె ముందుగా తీర్పవలసిన ప్రశ్న. నేటికిని యే వాహనశిల్పియు దానిని దాటిపోజాలడు.

ఇంకొక శత్రువు ధూళి. చంద్రుని ధూళి మన వీధిధూళి వలె మెత్తనిది కాదు. గాజుపొడి వలె పదునైనది. గాలియు నీరును ఒరయుటచేత మన యిసుక రేణువులు గుండ్రబడినవి. అచట అట్టి ఒరపిడి లేదు. రాకెట్టు మంట తగులగానే ఆ ధూళి మేఘమై తేలదు. ఆపుటకు గాలి లేదు గనుక తుపాకి గుండ్ల వలె సూటిగా దూరదూరములకు దూసికొనిపోవును. 1969 నవంబరులో అపోలో-12 నౌక, అంతకు రెండున్నరేండ్ల క్రిందట దిగియున్న సర్వేయర్-3 యంత్రమునకు సుమారు 160 మీటర్ల దూరమున దిగినది. కాన్రాడ్, బీన్ ఆ యంత్రపు భాగములను కొన్నింటిని కోసి తెచ్చిరి. పరీక్షింపగా నౌక రేపిన ధూళి వానిని ఇసుకతో రుద్దినట్లు చెక్కివేసినదని తేలినది. ఎగురు వాహనము ప్రతి గెంతునకును ఇట్టి ధూళిని రెండుమార్లు రేపును. దాని చుట్టుపట్ల మనుష్యులో, ఇండ్లో, సూర్యఫలకములో ఉన్నచో వాని గతియేమి? మునుముందు చంద్రునిపై నివాసములు వెలసినచో వాహనములు దిగుటకు గట్టి నేలను ముందుగా పరచుకొనవలసియుండును.

దారి తెలిసికొనుటయు సులభము కాదు. చంద్రునికి భూమివలె అయస్కాంతక్షేత్రము లేదు గనుక దిక్సూచి పనిచేయదు. గాలి లేదు గనుక వాయుపీడనముతో ఎత్తును కొలుచు సాధనము పనిచేయదు. కంటినైనను నమ్మరాదు. మంచుతెర గాని, చెట్టు గాని, ఇల్లు గాని లేనిచోట దూరపు కొండయు దగ్గరి గుట్టయు ఒక్కతీరుననే తోచును. 1971 ఫిబ్రవరిలో ఎలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ ఒక బిలపు అంచును వెదకుచు కాలినడకన గట్టెక్కి, కొలది పదుల మీటర్ల చేరువకు వచ్చియు దానిని కానక వెనుదిరిగిరి. నడచువారి గతియే యిట్లుండగా, ఎగురుచున్నవానికి రాడారు, లేసరు కిరణము, పటమును పోల్చి చూచు కెమెరా తప్పనిసరి.

రేడియో గల గృహస్థులకు సులభముగా బోధపడు చిక్కు మరియొకటి యున్నది. రాత్రివేళ దూరదేశపు షార్ట్‌వేవ్ ప్రసారములు మన యింటికి వచ్చుటకు కారణము భూమిపైనున్న అయనావరణము. తరంగములు దానికి తగిలి వంగి నేలకు దిగివచ్చును. చంద్రునికి అట్లు పనికివచ్చు ఆవరణము లేదు. చంద్రుడు చిన్న గోళము గనుక నిలుచున్న మనుష్యునికి దిగంతము రెండున్నర కిలోమీటర్ల దూరముననే యుండును. దానికి ఆవలనున్నవానితో మాటాడవలెనన్నచో పైన తిరుగు ఉపగ్రహమో, భూమియో మధ్యవర్తి కావలెను. భూమినుండియే వాహనమును నడుపుదమన్నచో తరంగము పోయివచ్చుటకు రెండున్నర సెకండ్లు దాటును. ఆ వ్యవధిలో ఇంజను ఆగిన వాహనము అయిదు మీటర్లు పడిపోయియుండును. అందుచేత దిగు సమయమున నిర్ణయము వాహనముననే జరుగవలెను.

ఇన్ని అడ్డంకులుండగా మరల ఈ ప్రయత్నమేల? కారణము నీరు. 2008 అక్టోబరు 22న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-1 చంద్రతలమున నీటిజాడలను కనుగొనుటకు తోడ్పడినది. చంద్రుని ధ్రువముల వద్ద ఎన్నడును ఎండ సోకని బిలములున్నవి. వానిలో చలి కొన్నిచోట్ల సున్నకు దిగువ 200 డిగ్రీలను దాటును. మంచు దాగియుండుటకు అవియే అనువైన చోట్లు. కాని వాని గట్లు నిటారు, లోపల చీకటి. ఎండపై ఆధారపడు చక్రముల బండి అందులోనికి దిగి మరల ఎక్కుట కష్టము. గెంతు యంత్రమైనచో లోనికి దూకి, చూచి, క్షణములలో వెలుపలికి రావచ్చును. అమెరికాలో నొక కంపెనీ గ్రేస్ అను చిన్న యంత్రమును ఈ పనికే నిర్మించినది. 2025 మార్చి 6న దానిని మోసికొనిపోయిన నౌక దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది గాని ప్రక్కకు ఒరిగిపోయినది. గ్రేసునకు గెంతు అవకాశమే కలుగలేదు. అంతకు ముందు 2024 జనవరిలో జపాను పంపిన చిన్న యంత్రమొకటి ఇంధనముతో కాక, యంత్రబలముతో నేలను తన్నుకొని చంద్రునిపై కొలదిగా గెంతినది. ఎగురు యంత్రముచేత బిలములలో నీటిని వెదకించు సంకల్పము చైనావారికిని గలదు.

ఈ కథలో మనకును భాగమున్నది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 వారి విక్రమ్ దిగుచు అదుపు తప్పి కూలినది. శాస్త్రజ్ఞులు లోపములను వెదకి, కాళ్లను బలపరచి, ఇంధనమును పెంచి, నడిమి ఇంజనును తీసివేసి నాలుగింటితో క్రొత్త విక్రమును తీర్చిరి. 2023 జులై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన అది ఆగస్టు 23న దక్షిణధ్రువమునకు చేరువలో నిలకడగా దిగినది. తన పనిని ముగించిన పిమ్మట సెప్టెంబరు 3న అది మరల ఇంజనులను మండించి, సుమారు 40 సెంటీమీటర్లు లేచి, 30 నుండి 40 సెంటీమీటర్ల దూరమున క్షేమముగా దిగినది. లేచుటకు ముందు తన సాధనములను ముడిచికొని, దిగిన పిదప మరల విప్పుకొని పనిలో పెట్టినది.

జానెడుకంటె రెండింతలైనను మించని ఈ గెంతును చూచి నవ్వరాదు. పదిరోజుల ఎండ తిని, ధూళిలో నిలిచిన ఇంజను మరల మండునా యను సందేహమునకు అది సమాధానము చెప్పినది. దిగిన వాహనము తిరిగి లేవగలదని తెలిసిననాడే, చంద్రునిపైకి పోయిన మనుష్యుని తిరిగి ఇంటికి తెచ్చు ఆలోచనకు పునాది పడును.

మునుముందు మొదట ఎగురునవి మనుష్యులు లేని చిన్న యంత్రములే కాగలవు. ఒకటి కూలినను ప్రాణనష్టము లేదు. ఆ యంత్రములు వెదకు మంచు నిజముగా విస్తారముగా దొరకినచో, ఆ నీటిని విడదీసి హైడ్రోజనును, ఆక్సిజనును అచటనే తయారుచేసికొనవచ్చును. అప్పుడు ఇంధనమును భూమినుండి మోయు భారము తగ్గి, పైన మనము వేసిన లెక్కలకు కొంత వెసులుబాటు కలుగును. మనుష్యుడు ఎక్కు వాహనమునకు మాత్రము ఒక ఇంజను చెడినను రెండవది దింపగలుగవలెను. ఒక వాహనము చిక్కుపడినచో సాయము పోవుటకు మరియొకటి సిద్ధముగా నుండవలెను. ఈ రెండును సమకూడువరకు చంద్రయాత్రికుడు తన కాళ్లు తన్ను వెనుకకు తీసికొనిరాగల దూరమును దాటకుండుటయే మంచిది. అపోలో యాత్రికులు పాటించిన ఆ నియమము భయముచేత పుట్టినది కాదు. పంపినవారు పోయినవారి ప్రాణములకు బాధ్యులమని తలంచుటచేత పుట్టినది.